విడీ ఘర్కుల్ కత్తెర: భంగార్ బండిలో పోతున్న మన చరిత్ర



మన కాలనీ పేరు రోజూ పలుకుతాం, ఆటోవాడికి చెబుతాం, ఆధార్ కార్డు మీద రాయిస్తాం. ఆ పేరులో ఏముందో మాత్రం ఎక్కువగా ఆలోచించం. ఘర్కుల్ అంటే మరాఠీలో చిన్న ఇల్లు. విడీ అంటే బీడీ. సోలాపూర్‌లో వారాల పేర్లతో పేటలున్నాయి, దేవుళ్ల పేర్లతో, నాయకుల పేర్లతో నగర్లున్నాయి. మన వాడ పేరు మాత్రం మన ఇంటి ఆడవాళ్ల చేతిపని. ఆ పని చేసిన పనిముట్టు కత్తెర. ఇవాళ ఆ కత్తెర గురించే రాస్తున్నాం.

మేము బడిలో చదివింది తమిళం. తెలుగు ఇంట్లో వచ్చింది, అక్షరాలు తర్వాత పట్టుబడ్డాయి. రైల్వేలో గుమాస్తా పని చేసి రిటైరయ్యాక ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక బల్ల, ఒక వైసు, రెండు సానరాళ్లు పెట్టుకున్నాం. భంగార్ బండివాడి దగ్గర తూకానికి పోయే పాత కత్తెరలు, కత్తిపీటలు, మగ్గం సామాన్లు కొని బాగు చేస్తున్నాం. ముందే ఒక మాట: రైల్వే ఇనుము మా షెడ్డులో ముక్క కూడా లేదు! రైల్వే ఆస్తి అక్రమంగా ఉంచుకోకూడదని 1966లోనే చట్టం వచ్చింది. అదే 1966లో బీడీ, సిగార్ కార్మికుల చట్టం కూడా వచ్చింది. మా ఉద్యోగానికి ఒక చట్టం, మా వాడకు ఒక చట్టం, రెండూ ఒకే ఏడాదివి.

చరిత్ర కొంచెం చూద్దాం. 1860లో బొంబాయి వైపు నుంచి పట్టాలు సోలాపూర్ చేరాయి. 1871లో రాయచూరు దగ్గర మద్రాసు లైనుతో కలిశాయి. 1877లో మొదటి నూలుమిల్లు వచ్చింది, ఇప్పటికీ జూనీ మిల్ అనే అంటాం. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి మన పద్మశాలీలు కుటుంబాలతో వచ్చి పూర్వభాగంలో స్థిరపడ్డారు. చేతిమగ్గం నేశారు, మిల్లులో పని చేశారు, తర్వాత సాంచాలు నడిపారు. ఈ చరిత్ర మనందరికీ తెలుసు. మార్కండేయుడి రథోత్సవం నాడు ఉపన్యాసాల్లోనూ వింటాం.

కానీ ఈ కథ ఎప్పుడూ మగ్గం చుట్టే తిరుగుతుంది. చేతిమగ్గం పడిపోయింది. మిల్లులు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. సాంచా ఒక నెల నడిచింది, ఒక నెల ఆగింది. అలాంటి నెలల్లో పొయ్యి వెలిగించింది ఎవరు? గడప దగ్గర చాట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అమ్మ, అక్క, వదిన. కుంభారి దగ్గర గోదూతాయి పరుళేకర్ పేరున 10,000 ఇండ్ల కాలనీ 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా బీడీ కార్మికులకు అందింది. ఆ ఇండ్లు మగ్గం పేరున రాలేదు, బీడీ పేరున వచ్చాయి.

ఇప్పుడు పనిముట్టు దగ్గరికి వద్దాం. కార్ఖానా నుంచి తునికాకు, తంబాకు, దారం ఇస్తారు. కత్తెర, చాట, ఆకు కొలిచే రేకు మాత్రం ఆమెవి. అంటే ఈ పని మొత్తంలో ఆమె సొంత పెట్టుబడి ఆ కాస్త ఇనుమే. తడిపి ఉంచిన ఆకు మీద రేకు పెట్టి చుట్టూ కత్తిరించాలి. ఒక ముక్కకు మూడు కోతలే అనుకున్నా వెయ్యి బీడీలకు మూడు వేల కోతలు. కత్తెర మొద్దుబారితే ఆకు తెగదు, చిరుగుతుంది. చిరిగిన ఆకు లెక్కకు రాదు. వెయ్యికి ఇంత ఆకు అని తూచి ఇస్తారు కాబట్టి, తక్కువ పడితే ఆమె తన డబ్బుతో బయట కొని సర్దాలి. కత్తెర పదును అంటే ఆమె కూలి డబ్బు.

అందుకే ఈ కత్తెరలకు అంత పదును పెట్టారు. మా దగ్గరికి వచ్చిన కొన్నిటిలో ఒక అలుగు అరిగి అరిగి సగం వెడల్పే మిగిలింది. పిడి లోపల బొటనవేలు ఆనే చోట ఇనుము గుంటపడి అద్దంలా నున్నగా ఉంది. పిడికి చుట్టిన గుడ్డపీలిక చీర అంచుది. తడి ఆకు పసరు తగిలి తగిలి అలుగు నల్లబడింది. ఆకులోని వగరు ఇనుముతో కలిసి ఆ నలుపు పుడుతుంది. అది తుప్పు కాదు. దాన్ని గీకి తెల్లగా చెయ్యాలని కొందరు అంటారు. మేము చెయ్యం.

మా పద్ధతి చెబుతాం, ఇంట్లో మీరూ చేసుకోవచ్చు. ముందు తడిగుడ్డతో తుడవాలి. ఎండిన తంబాకు పొడిని నోటితో ఊదకండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఎర్ర తుప్పు ఉంటే ఆ చోట మాత్రమే చిక్కటి చింతపండు పులుసు రాసి గంటసేపు ఉంచి, పాత బ్రష్షుతో రుద్ది, నీళ్లలో వంటసోడా వేసి కడిగి, వెంటనే ఆరబెట్టాలి. తర్వాత కుట్టు మిషను నూనె ఒక చుక్క. పదును పెట్టేటప్పుడు బయటి వాలు మీదే, పాత కోణంలోనే రాయి నడపాలి. లోపలి వైపు అరగదీస్తే కత్తెర పాడవుతుంది. రెండు అలుగులూ కొంచెం వంగి ఉంటాయి, మూసేటప్పుడు ఒక్క బిందువు దగ్గరే తాకుతూ ముందుకు పోతాయి. లోపలి వైపు చదును చెడితే ఆ తాకిడి పోతుంది, ఆకు రెండు అలుగుల మధ్య మడత పడుతుంది.

కరెంటు సాన మీద గట్టిగా నొక్కితే అంచు నీలం రంగుకు తిరుగుతుంది. అంటే వేడి దాదాపు 300 డిగ్రీలు దాటింది, ఉక్కు మెత్తబడింది, ఇక పదును నిలవదు. అందుకే చేతిరాయి, నీళ్లు, ఓపిక.

సోలాపూర్ చాదర్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది. 2013లో మీరట్ కత్తెరకు కూడా వచ్చింది. మీరట్‌లో బస్సుల, లారీల పాత ఉక్కుతో కత్తెరలు చేస్తారు. అంటే ఆ కత్తెర పుట్టుకే భంగార్‌లోంచి. ఒకసారి భంగార్‌లోంచి లేచిన ఇనుము మళ్లీ భంగార్‌లోకి పోవడంలో వింత లేదు. మధ్యలో ముప్పై, నలభై ఏండ్లు అది ఎవరి చేతిలో ఉందో చెప్పేవాళ్లు లేకుండా పోవడమే నష్టం.

మా వీధిలో ఒక పెద్దమ్మ తన కత్తెర తెచ్చింది. ఇప్పుడు బీడీలు చెయ్యదు, కండ్లు సరిగ్గా కనబడవు. కొడుకు కొత్త స్టీలు కత్తెర కొనిచ్చాడు. "కొత్తది వద్దన్నా, నాది నాకు చేసియ్యి. దీంతోనే ముగ్గురు ఆడపిల్లల పెండ్లి చేసిన" అంది. ఎన్ని బీడీలు చేసి ఉంటావు అని అడిగితే నవ్వింది. "లెక్క నువ్వు చెయ్యి, గుమాస్తావు గదా!" రోజుకు 800 చొప్పున, ఏడాదికి 250 రోజులు, 35 ఏండ్లు. 70 లక్షలు. కాగితం మీద రాసి చూపిస్తే ఆమె చాలాసేపు మాట్లాడలేదు. మేమూ మాట్లాడలేదు.

ఆ 70 లక్షలు ఏ రిజిస్టరులో ఉన్నాయి? లాగ్‌బుక్కు, గుర్తింపు కార్డు లేకుండానే ఏండ్ల తరబడి పని చేసిన ఆడవాళ్లు దేశమంతా ఉన్నారు. వాళ్ల సర్వీసు రికార్డు ఆ అరిగిన అలుగే. అందుకే కొత్తదానిలా మెరిపించడం మాకు ఇష్టం లేదు. పని చేసేలా చెయ్యాలి, అరుగుదల అలాగే ఉంచాలి. మగ్గం నాడెకూ ఇదే మాట. దారం రాసుకుని పడిన గాడిని గరుకు కాగితంతో రుద్ది చదును చేస్తే నాడె అందంగానే ఉంటుంది, కానీ నేసిన మనిషి గుర్తు పోతుంది.

పార్సిల్ ఆఫీసులో ఒక నియమం ఉండేది. చీటీ ఊడిన మూట ఎంత విలువైనదైనా ఎవరిదో తెలియదు, మూలన పడి ఉంటుంది. మన ఇండ్లలో పనిముట్ల స్థితి ఇప్పుడదే. ఆ తరం వెళ్లిపోతోంది, చీటీలు ఊడిపోతున్నాయి. కత్తిపీటను మరాఠీలో విళీ అంటారు, తమిళంలో అరువామణై అంటారు. పేరు మూడు భాషల్లో దొరుకుతుంది, ఎవరు వాడారో ఏ భాషలోనూ రాసి లేదు.

కాబట్టి సభ్యులకు మా మనవి. భంగార్ బండికి ఇచ్చేముందు ప్రతి పాత పనిముట్టుకూ ఒక చీటీ కట్టండి. నాలుగే విషయాలు రాయండి: ఎవరిది, ఏ ఊరి నుంచి వచ్చినవారు, ఏ పనికి, ఎన్నేండ్లు. ఆమె మన మధ్య ఉంటే ఆమెనే అడిగి, ఆమె మాటల్లోనే రాయండి. బాగు చెయ్యాల్సినవి ఆదివారం పొద్దున మా షెడ్డుకు తెండి. డబ్బు అక్కర్లేదు, చీటీ మాత్రం తప్పనిసరి.

దసరాకు ముందు ఖండే నవమి నాడు సాంచాలకు, బండ్లకు పసుపు కుంకుమ పెడతాం. ఈసారి ఆ వరుసలో అమ్మ కత్తెర కూడా పెడదాం.