పిల్లడిని పిలిచిన గొంతు ఎవరిది?

వంగపండు ప్రసాదరావు 2020 ఆగస్టు 4న పార్వతీపురంలో కన్నుమూసినప్పుడు చాలామంది ఆయన్ని ఒకే ఒక్క పాటతో తలుచుకున్నారు. ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవా’. వందల పాటలు కట్టి, గజ్జెకట్టి ఊరూరా ఆడిపాడిన మనిషి చివరికి ఒక పిలుపుగా మిగిలారు. ఆ పిలుపు గురించి విప్లవ సాహిత్య విమర్శ చాలానే మాట్లాడింది. ఎక్కడికి పిలిచింది, ఎందుకు పిలిచింది, ఆ పాట విని ఎంతమంది కదిలారు అన్నవన్నీ చర్చకొచ్చాయి. పిలిచింది ఎవరు అన్న ప్రశ్న మాత్రం అంతగా రాలేదు. ‘పిల్లడో’ అని సంబోధించే గొంతు మన జానపదంలో మామూలుగా ఆడగొంతు. వేదిక మీద దాన్ని పాడింది ఎక్కువగా మగవాళ్లు. ఒక మగ వాగ్గేయకారుడి జీవితమంతటికీ గుర్తుగా నిలిచిన పాట ఒక స్త్రీ గొంతుతో మొదలవుతుందంటే, ఆ గొంతు ఆయనకు ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతకడం సాహిత్య చరిత్ర పని కాదా? ఈ వ్యాసం ఆ వెతుకులాటే.

వంగపండు 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టారు. ఫిట్టర్ పని నేర్చుకుని విశాఖపట్నం షిప్‌యార్డులో ఉద్యోగం చేశారు. ఒకవైపు వరిచేలు, కొండలు, సంతలు. ఇంకొకవైపు ఇనుము, యంత్రాలు, షిఫ్టు డ్యూటీలు. ఈ రెండు లోకాలూ ఆయన పాటలో కలిసిపోయాయి. యంత్రం ఎట్లా నడుస్తోందో చెప్పే ఆయన పాట కార్మిక సభల్లో ఎంత పేరు పొందిందో మనకు తెలుసు. 1972లో గద్దర్ తదితరులతో కలిసి జననాట్యమండలికి రూపమిచ్చినవాళ్లలో ఆయన ఒకరు. ‘భూమి భాగోతం’ నృత్యరూపకంతో భూమి ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోయిందో నిరక్షరాస్యులకు కూడా అర్థమయ్యేలా చెప్పారు. 1986లో ఆర్. నారాయణమూర్తి తీసిన ‘అర్ధరాత్రి స్వతంత్రం’ సినిమాలో నటించారు. ఆ సినిమాతో ఆయన పిలుపు పాట ఉత్తరాంధ్ర దాటి రాష్ట్రమంతటికీ చేరింది.

ఆయన భాష గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. ‘వెళదాం వస్తావా’ అని రాయకుండా ‘ఎల్దమొస్తవా’ అని రాయడం యాస కోసం పడిన సరదా కాదు. శిష్ట వ్యావహారికం పేరుతో కోస్తా మధ్యజిల్లాల పెద్దకులాల భాష పత్రికలనూ పాఠ్యపుస్తకాలనూ ఏలుతున్న రోజుల్లో, వెనకబడినదని అందరూ నవ్విన కళింగాంధ్ర పలుకుబడిని ఆయన నడివేదిక మీదకు తెచ్చారు. ఆ పలుకుబడిని ఇళ్లల్లో, ఊడుపు మళ్లల్లో, అడ్డాకులు కుట్టే అరుగుల మీద కాపాడింది ఎక్కువగా ఆడవాళ్లే. బడికి వెళ్లిన మగపిల్లలు భాష మార్చుకున్నారు. బడి లేని ఆడపిల్లలకు ఆ అవసరం గానీ అవకాశం గానీ రాలేదు. చదువు నిరాకరించిన చోటే భాష బతికి ఉండటం మన మౌఖిక సాహిత్య చరిత్రలో ఒక చేదు నిజం.

ఆ పాట పిలిచింది శ్రీకాకుళ పోరాటంలోకి. 1967 అక్టోబరు 31న మొండెంఖల్‌లో జరిగే గిరిజన సంఘం మహాసభకు వెళుతున్న వాళ్లలో కోరన్న, మంగన్న అనే ఇద్దరిని లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. అక్కణ్ణుంచి కథ మలుపు తిరిగింది. అప్పు కింద పోయిన భూములు, సావుకారు కాటాలో తరిగిపోయిన చింతపండు, జీతగాళ్లుగా మిగిలిన మనుషులు. ఈ జాబితాను మనం చాలాసార్లు చదివాం. ఆ చింతపండు దులిపినది, కొండచీపురు కోసినది, సంతకు మోసినది ఎవరు అని అడిగితే జాబితా ముఖం మారుతుంది. అటవీ ఫలసాయం సేకరణలో ఎక్కువ చాకిరీ ఆడవాళ్లదే. కాబట్టి ఆ కాటా మోసం మొదట తగిలింది వాళ్ల శ్రమకే.

వంగపండుకు ముందు ఈ పోరాటానికి పాట అందించినవాడు సుబ్బారావు పాణిగ్రాహి. జముకుల కథను ఉద్యమంలోకి తెచ్చిన ఆయన 1969 డిసెంబరులో పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆయనతో పాటే పంచాది నిర్మల కూడా చనిపోయింది. పాణిగ్రాహిని మనం కవిగా గుర్తుపెట్టుకున్నాం. నిర్మల పేరు అమరుల జాబితాలో ఉంటుంది, తరచుగా పంచాది కృష్ణమూర్తి భార్య అన్న మాట తోడుగా. ఆ పోరాటంలోకి ఆడవాళ్లు కూడా వెళ్లారు. కానీ పిలుపు ‘పిల్లడి’కే. ‘పిల్లా, ఎల్దమొస్తవా’ అని ఎవరూ పిలవకుండానే వాళ్లు వెళ్లారని ఈ పాట విన్నప్పుడల్లా నాకు అనిపిస్తుంది.

స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల గొంతుల్ని వాళ్ల మాటల్లోనే వినిపించి మన చరిత్ర రచనను మార్చేసింది. పాట విషయంలో అటువంటి పని జరగాల్సి ఉంది. 1940లలో మోటూరి ఉదయం మహిళా బుర్రకథ దళం నడిపింది. కొండపల్లి కోటేశ్వరమ్మ ప్రజానాట్యమండలి వేదికల మీద పాడింది. వాళ్లను మనం ‘కళాకారిణులు’ అన్నాం. ‘వాగ్గేయకారులు’ అన్న మాట మగవాళ్లకు దాచుకున్నాం. కట్టేది మగవాడు, పాడేది ఆడది అనే విభజన ఉద్యమ సాహిత్యంలో కూడా చెక్కుచెదరలేదు.

ఈ ఆలోచనతోనే నేను మౌఖిక గీతాల పని మీద బొర్రా వైపు వెళ్లాను. పార్వతీపురం కొండలకు దక్షిణంగా ఇవే తూర్పు కనుమలు అనంతగిరి మీదుగా అరకు లోయ దాకా సాగుతాయి. బయటి లోకానికి బొర్రా అంటే గుహలు. అక్కడి గ్రామాలకు బొర్రా అంటే గుహల చుట్టూ ఉన్న పొలం, అడవి, ఊట. చైత్ర మాసపు ఇటుకల పండక్కి ఈ ప్రాంతంలో థింసా ఆడతారు. ఆడవాళ్లు వెనకనుంచి ఒకరి నడుము మీదుగా ఒకరు చేతులు కలిపి గొలుసులా నిలబడతారు. మగవాళ్లు తుడుము, డప్పు, మోరి, కిరిడి, జోడుకొమ్ములు వాయిస్తారు.

అక్కడ ఒక పెద్దామె నాకు ఊడుపు పాట పాడి వినిపించింది. ఈ పాట ఎవరు కట్టారు అమ్మా అని అడిగాను. ‘ఎవులు కట్టినారో నాకేటెరిక పాపా. మా అప్ప పాడీది. అప్పకి మాయమ్మ నేర్పింది. ఊడుపుకెల్తే ఊడుపు మాట కలుపుతాం, అడ్డాకుకెల్తే అడ్డాకు మాట కలుపుతాం’ అంది. నా దగ్గరున్న సేకరణ పత్రంలో ‘రచయిత’ అని ఒక గడి ఉంది. దాంట్లో ‘అజ్ఞాత’ అని రాయడం మన విశ్వవిద్యాలయాల అలవాటు. నా ఎదురుగా కూర్చుని, నిన్నటి వానను ఇవాళ్టి పాటలో కలిపి పాడుతున్న మనిషి అజ్ఞాత ఎట్లా అవుతుంది? ఆమెకు పేరుంది, ఊరుంది, వయసుంది. ఆమె చేసింది పాట కట్టడమే. దాన్ని వల్లెవేయడం అనడానికి లేదు.

వంగపండు పాటల బాణీలు ఈ నేల జానపదంలోంచి వచ్చాయన్నది ఎవరూ కాదనని విషయం. దాన్ని దొంగతనం అనడం నా ఉద్దేశం కాదు. జనం పాట తీసుకుని, దానికి రాజకీయ చైతన్యం జోడించి, తిరిగి జనానికే ఇవ్వడం ఆ తరం కవుల ప్రకటిత పద్ధతి. ‘జనం’ అన్న ఆ ఒక్క మాటలో ఎవరు కలిసిపోయారన్నదే నా ప్రశ్న.

2009లో ‘మగధీర’ సినిమా పాటలో తన పిలుపును అనుమతి లేకుండా వాడుకున్నారని వంగపండు అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరం న్యాయమైనది. ఒక పేద కళాకారుడి మాటను కోట్ల రూపాయల వ్యాపారం అడగకుండా తీసుకోకూడదు. అయితే ఆ న్యాయం ఆయన దగ్గర ఆగిపోకూడదు. ఆయనకంటే ముందు ఆ పలుకుబడిని, ఆ దరువును, ‘పిల్లడో’ అని పిలిచే ఆ ధీమాను బతికించిన ఆడవాళ్లకు కాపీరైటు లేదు, కనీసం ప్రస్తావన లేదు.

ఇది తెలుగు దేశపు సమస్య మాత్రమే కాదు. స్వీడన్‌లో కార్ల్ మికాయెల్ బెల్‌మన్ (1740-1795) అనే గాయక కవి ఉన్నాడు. తాగుబోతులు, గడియారాలు బాగుచేసేవాడు, వీధి మనుషులు ఆయన పాటల్లో పాత్రలు. 1790లో వచ్చిన ఆ పాటల సంపుటంలో ఉల్లా విన్‌బ్లాద్ అనే స్త్రీ వలపుదేవతగా, వేశ్యగా కనిపిస్తుంది. ఆమెకు మూలం మరియా క్రిస్టినా షెల్‌స్ట్రోమ్ అనే నిజమైన మనిషి. పాట ఆయన్ని జాతీయ కవిని చేసింది. అదే పాట బతికున్న ఆ స్త్రీ పేరు చెడగొట్టింది. ఆ పక్కన పెట్టి చూస్తే వంగపండు చేసింది చాలా భిన్నమైన పని. ఆయన పాటలో స్త్రీ చూడదగ్గ వస్తువు కాదు. దారి తెలిసిన మనిషి. పిల్లడు ఇంకా తేల్చుకోలేదు, ఆమె తేల్చుకుంది. మన విప్లవ గీతాల్లో తల్లులు ఏడుస్తారు, చెల్లెళ్లు రాఖీలు కడతారు, భార్యలు ఎదురుచూస్తారు. ముందు నడుస్తూ వెనక్కి తిరిగి ‘వస్తావా’ అని అడిగే ఆడగొంతు అరుదు. ఆ గొంతును గుర్తుపట్టడం వంగపండు గొప్పతనం. ఆ గొంతు ఆయన ఊహించినది కాదని, ఆయన విన్నదని చెప్పడం వల్ల ఆ గొప్పతనం తగ్గదు.

వేదికెక్కి స్వయంగా పాడిన స్త్రీలకు ఏం జరిగిందో కూడా మరిచిపోకూడదు. భువనగిరి స్పిన్నింగు మిల్లులో పనిచేసి తెలంగాణ కోసం పాడిన బెల్లి లలితను 1999 మే నెలలో చంపి, శరీరాన్ని ముక్కలు చేశారు. పాట రాజ్యానికీ పెత్తందార్లకూ మగవాడి నోట కూడా ప్రమాదమే. ఆడదాని నోట అది రెండింతల నేరం.

చివరిగా భూమి సంగతి. శ్రీకాకుళ పోరాటం అణచివేతకు గురైంది. కానీ ఆ ఒత్తిడిలోనే ప్రభుత్వం 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించాల్సి వచ్చింది. మనం 1/70 అని పిలిచేది దాన్నే. షెడ్యూల్డు ప్రాంతాల్లో భూమి గిరిజనేతరులకు పోకుండా అది అడ్డుకట్ట వేసింది. ఆ నిబంధన ఆధారంగానే సమత సంస్థ బొర్రా చుట్టుపక్కల గ్రామాల్లో ఇచ్చిన మైనింగు లీజుల మీద కోర్టుకు వెళ్లింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు ఆ లీజులు చెల్లవని చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం కూడా ప్రైవేటు కంపెనీకి భూమి అప్పగించలేదని ఆ తీర్పు సారాంశం. పార్వతీపురం కొండల్లో కాలిన మంట బొర్రా పొలాలకు ముప్ఫై ఏళ్ల తర్వాత రక్షణ అయింది. ఆ పోరాటం ఓడిపోయిందని రాసే చరిత్రకారులు ఈ లెక్క కూడా చూడాలి.

భూమికి పట్టా అడిగాం, కొంత సాధించాం. పాటకు పట్టా ఇప్పించమని నేను అడగడం లేదు. థింసా గొలుసులో ఎవరి అడుగు ఎవరిదో విడదీయలేం, విడదీయకూడదు కూడా. నేనడిగేది చిన్న విషయం. మౌఖిక గీతం సేకరించే ప్రతి పరిశోధకురాలూ పాడిన స్త్రీ అనుమతి అడగాలి. ఆమె ఒప్పుకుంటే పేరు, ఊరు, ఏ పనిలో ఉండగా పాడిందో, ఎవరి దగ్గర నేర్చుకుందో, తను ఏ మాట కలిపిందో రాయాలి. ‘రచయిత’ గడిలో ఆ వివరాలే ఉండాలి. వంగపండు పాటల మీద పనిచేసేవాళ్లు పెదబొండపల్లి, పార్వతీపురం ప్రాంతాల్లో పెద్ద వయసు ఆడవాళ్లు పాడే బాణీల్ని ఆయన బాణీల పక్కన పెట్టి వినాలి. ఆ తరం ఆడవాళ్లు ఇప్పుడు డెబ్బై, ఎనభై దాటి ఉన్నారు. ఈ పని వచ్చే పదేళ్లలో జరగకపోతే ఇక జరగదు.