వంటగ్యాసు భద్రత: ఒక చారిత్రక పరిశీలన

కొత్త సాధనం ఇంట్లోకి ఒక్కరోజులో వస్తుంది. దాన్ని వాడే అలవాట్లు మారడానికి ఒక తరం పట్టవచ్చు. ఈ ఎడంలోనే ప్రమాదం పొంచి ఉంటుంది. వంటగ్యాసు చరిత్రలో ఈ విషయం స్పష్టంగా కనిపిస్తుంది.

1. వాయువు స్వభావం

వంటగ్యాసు ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్ వాయువుల మిశ్రమం. 1910 తరువాతి సంవత్సరాల్లో అమెరికా రసాయన శాస్త్రవేత్త వాల్టర్ స్నెల్లింగ్ పెట్రోలు నుంచి వెలువడే ఆవిరులలో ప్రొపేన్‌ను గుర్తించి, దాన్ని ద్రవంగా నిల్వచేసే మార్గం చూపాడు. ఒత్తిడికి లోనైతే ఈ వాయువు ద్రవమవుతుంది కాబట్టే 14.2 కిలోల సిలిండర్‌లో కొన్ని వారాలకు సరిపడే ఇంధనం ఇముడుతుంది. ఇది గాలికంటే బరువైనది. గాలిలో నూటికి రెండు పాళ్లు కలిసినా అంటుకోగలదు. దీనికి రంగు లేదు, సహజమైన వాసన కూడా లేదు.

2. వాసన ఎలా వచ్చింది?

మరి మనకు తెలిసే ఆ ఘాటు వాసన ఎక్కడిది? అది కావాలని కలిపినది. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, న్యూ లండన్ అనే ఊరి పాఠశాలలో సహజవాయువు లీకై పేలుడు జరిగింది. సుమారు 300 మంది విద్యార్థులు, ఉపాధ్యాయులు మరణించారు. ఆ వాయువుకు వాసన లేనందున భవనం కింద పోగవుతున్నట్లు ఎవరూ పసిగట్టలేకపోయారు. దీని తరువాత వాయువులో వాసన కలపడాన్ని టెక్సాస్ చట్టంతో తప్పనిసరి చేసింది. ఈ పద్ధతి ఇతర ప్రాంతాలకూ విస్తరించింది. మన సిలిండర్లలో ఇథైల్ మెర్కాప్టాన్ కలపడం ఈ కోవకు చెందినదే.

3. మన వంటింట్లో మార్పు

భారతదేశంలో 1950ల మధ్యకాలంలో బర్మా షెల్ కంపెనీ బొంబాయిలో వంటగ్యాసు అమ్మకం ప్రారంభించింది. 1965లో కలకత్తాలో తొలి ఇండేన్ కనెక్షన్ ఇచ్చారు. చాలాకాలం ఇది పట్టణాల సౌకర్యంగానే ఉండిపోయింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకం ద్వారా డ్వాక్రా మహిళలకు కనెక్షన్ డిపాజిట్ తానే చెల్లించింది. 2016లో కేంద్రం ఉజ్వల పథకం తెచ్చింది. ఇలా గ్యాసు పల్లెలకు చేరింది.

ఇక్కడ ఒక ముఖ్యాంశం గమనించండి. కట్టెల పొయ్యి ప్రమాదం కంటికి కనిపిస్తుంది. పొగ పైకి పోతుంది కాబట్టి మన పెద్దలు గోడకు పైన గవాక్షం పెట్టారు. గ్యాసు పైకి పోదు, నేలమట్టాన పరుచుకుంటుంది. కాబట్టి పై గవాక్షం ఒక్కటే చాలదు, తలుపులు కూడా తెరవాలి. చీకట్లో ఏదైనా తేడా తోస్తే దీపం వెలిగించి చూడటం పాత అలవాటు. గ్యాసు వాసన వచ్చినప్పుడు అదే అలవాటు ప్రాణం తీస్తుంది.

4. పాటించవలసినవి

వాసన వస్తే పొయ్యి, రెగ్యులేటర్ కట్టేయండి. తలుపులు, కిటికీలు తెరవండి. కరెంటు స్విచ్ వేయవద్దు, ఆపవద్దు. అందరూ బయటికి వచ్చాక 1906 నంబరుకు ఫోన్ చేయండి. లీకు ఉందేమోనని అనుమానం వస్తే సబ్బునీటితో పరీక్షించాలి, అగ్గిపుల్లతో ఎప్పుడూ కాదు. సిలిండర్‌ను నిలువుగా, పొయ్యికంటే కింది మట్టంలో ఉంచాలి. సిలిండర్ పైభాగపు పట్టీ లోపలివైపు ఒక అక్షరం, రెండంకెలు ఉంటాయి. ఎ, బి, సి, డి అక్షరాలు ఏడాదిలోని నాలుగు త్రైమాసికాలకు గుర్తులు. ‘బి-29’ అంటే 2029 ఏప్రిల్-జూన్ నాటికి దాన్ని మళ్లీ పరీక్షించాలి. గడువు దాటినది తీసుకోవద్దు.

పథకాలు సిలిండర్‌ను ఇంటికి చేర్చాయి. ఈ జ్ఞానాన్ని చేర్చవలసినవారిలో చదువుకున్న మీరూ ఉన్నారు. మీ ఇంట్లో వంటచేసే ప్రతి ఒక్కరికీ ఈ భాగం చదివి వినిపించండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

కట్టెల పొయ్యి నాటి ఏ అలవాట్లు గ్యాసు పొయ్యి దగ్గర ప్రమాదకరం? మీ ఇంటి వంటగది ఆధారంగా వివరించండి.