ఇనుప గుట్ట నుంచి బొగ్గుట్ట దాకా

దంతాలపల్లిలో వరంగల్–ఖమ్మం రోడ్డు వదిలి తూర్పుకు, మానుకోట మీదుగా సాగితే నేల మెల్లమెల్లగా మారుతుంది. చెల్కలు, పత్తి, మిర్చి చేన్లు తగ్గిపోతాయి. బయ్యారం దగ్గరికి వచ్చేసరికి అడవి దగ్గరపడుతుంది, మట్టి ముదురు ఎరుపు తిరుగుతుంది. దారిపక్క రాయిని చేతిలోకి తీసుకుంటే కంటికి కనిపించిన దానికన్నా బరువుగా ఉంటుంది. అందులో ఉన్నది ఇనుము. అక్కడి నుంచి ఇంకా ముందుకు పోతే ఇల్లందు. మన పెద్దవాళ్ళు దాన్ని ఇప్పటికీ బొగ్గుట్ట అనే అంటారు. ఒకే రోడ్డు మీద ఇనుము, బొగ్గు రెండూ ఉన్నాయి. ఒక దేశపు పరిశ్రమకు కావలసిన రెండు ముడిసరుకులు కోయగూడేల, లంబాడా తాండాల నడుమ ఉన్నాయన్న సంగతి మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

ముందు బయ్యారం చెరువు చూడాలి. గుట్టల నీరు చేరే ఈ చెరువును 13వ శతాబ్దంలో తవ్వించింది కాకతి గణపతిదేవుని చెల్లెలు మైలాంబ. ఆమె వేయించిన శాసనంలో కాకతీయుల వంశక్రమం ఉంది. వాళ్ళ మూలపురుషులు ఎవరో, కాకతి అన్న పేరు ఎక్కడిదో చరిత్రకారులు తేల్చుకోవడానికి ఆ రాయి చాలా ఆధారమైంది. ఇంత పెద్ద రాజవంశపు చరిత్ర ఒక ఆడబిడ్డ వేయించిన చెరువు రాతి మీద దొరకడం నాకు ఎప్పుడూ సంతోషమే.

ఇక ఇనుము సంగతి. ఫ్యాక్టరీలు రాకముందు తెలంగాణ ఊళ్ళలో ఇనుము కరగలేదనుకుంటే పొరపాటు. మట్టితో కట్టిన చిన్న కొలిమిలో ఖనిజం, కట్టెబొగ్గు పొరలు పొరలుగా వేసి తోలుతిత్తులతో గాలి ఊదేవారు. ఆ వేడికి ఇనుము నీళ్ళలా కరగదు, స్పంజిలాంటి ముద్దగా మిగులుతుంది. దాన్ని ఎర్రగా కాల్చి సుత్తితో కొట్టి కొట్టి మలినం తీసేవారు. మలినమంతా చిట్టెం రాళ్ళుగా బయటపడేది. ఆ నల్లని, బుడగలు బుడగలుగా ఉండే చిట్టెం కుప్పలు తెలంగాణలో ఎన్నో ఊళ్ళ పొలిమేరల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో చేసిన ఉక్కును కొనడానికి పర్షియా వ్యాపారులే వచ్చేవారని 19వ శతాబ్దం తొలినాళ్ళలో అక్కడికి వెళ్ళిన వాయిసీ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు రాశాడు. మీ ఊరి దగ్గర చిట్టెం కనిపిస్తే రోడ్డుకు పోసే కంకర అని వదిలేయకండి.

ఇల్లందు బొగ్గు కథ వేరు. భద్రాచలం పోయే యాత్రికులు పొయ్యికి మూడు నల్లరాళ్ళు పెట్టుకుంటే ఆ రాళ్ళే అంటుకున్నాయని మన దగ్గర చెప్పుకుంటారు. పుస్తకాల్లో మాత్రం జియలాజికల్ సర్వే ఉద్యోగి విలియం కింగ్ 1871లో బొగ్గు కనిపెట్టాడని ఉంటుంది. ఇక్కడి ఒక బొగ్గు పొరకు ఆయన పేరే పెట్టారు. మా హాస్టల్ పిల్ల ఒకతె అడిగింది: "మేడం, ఆ అడవిలో కింగ్ దొరకు దారి చూపించిందెవరు?" దానికి ఏ పుస్తకంలోనూ జవాబు లేదు.

బొగ్గు కన్నా ముందు దాని మీద గొడవ తవ్వుకొచ్చారు. రైలు మార్గం, గనుల హక్కులు లండన్ వాళ్ళకు కట్టబెట్టే ఒప్పందాన్ని ప్రశ్నించినందుకు 1883లో సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయను హైదరాబాద్ నుంచి పంపించేశారు. 1886లో హక్కులు హైదరాబాద్ దక్కన్ కంపెనీకి పోయాయి. ఆ వాటాల బాగోతం మీద 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీయే విచారణ చేసింది. 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైంది. 1920లో కంపెనీ పేరు సింగరేణి కాలరీస్ అయింది. కారేపల్లి పక్కన ఉన్న చిన్న ఊరు సింగరేణి. ఈరోజు భూపాలపల్లి, రామగుండం, బెల్లంపల్లి బాయిలన్నీ ఆ ఊరి పేరే మోస్తున్నాయి.

ఇక్కడే మన కథ ఉంది. ఆ బొగ్గు కోసం డోర్నకల్ మీదుగా రైలు పట్టాలు వచ్చాయి. అంతకుముందు ఈ దక్కన్ అంతటా ఉప్పు, ధాన్యం మోసింది ఎవరు? మన లంబాడాలు. వందల, వేల ఎడ్ల మీద మూటలు వేసుకుని సముద్రపు ఒడ్డు నుంచి లోపలి సంతల దాకా నడిచారు. దాన్నే మన ముసలివాళ్ళు లదేణి అంటారు. సైన్యాలు కూడా తిండికి వాళ్ళ మీదే ఆధారపడ్డాయి. పది రోజుల నడకను రైలు ఒక్క రోజుకు తెచ్చాక ఎడ్ల వరుస అవసరం తీరిపోయింది. అదే రైలు విదేశీ చౌక ఇనుమునూ తెచ్చి ఊరి కొలిమిని ఆర్పేసింది. కట్టెబొగ్గుకు అడవిని ముట్టకుండా చట్టాలు కూడా వచ్చాయి. ఎడ్లున్నవాళ్ళు పశువులు కాసుకుంటూ, పోడు కొట్టుకుంటూ, కూలికి పోతూ తాండాలు కట్టుకుని ఇక్కడే నిలిచిపోయారు. మనం "సంచార జాతి" అని పాఠంలో చదువుతాం గానీ, ఆ సంచారం ఊరికే తిరుగుడు కాదు, ఒక రవాణా వ్యవస్థ అని ఆ పాఠం చెప్పదు.

బాయి పనిలోనూ మనవాళ్ళున్నారు. తట్టాచెమ్మస్ కాలంలో బొగ్గు తట్టలకెత్తి టబ్బులు నింపిన వాళ్ళ నడుములు ఎట్లా వంగాయో వాళ్ళ ఇళ్ళకు పోతేనే తెలుస్తుంది. ఆడవాళ్ళకు భూగర్భ గనిలో ఉద్యోగాన్ని 1952 గనుల చట్టం నిషేధించింది. 2019లో కేంద్రం సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాలకు, అదీ పగటిపూట, అనుమతి ఇచ్చింది. మైనింగ్ డిప్లొమా చదవాలనుకునే ఆడపిల్లలు ఈ తేదీ గుర్తుంచుకోండి. ఇంట్లో "అది మగపిల్లల కోర్సు" అంటే చూపించడానికి పనికొస్తుంది.

బయ్యారం గుట్ట కథ ఇంకా ముగియలేదు. 2014 రాష్ట్ర విభజన చట్టం 13వ షెడ్యూల్లో, అప్పటి ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యమవుతుందో లేదో సెయిల్ సంస్థ ఆరు నెలల్లో పరిశీలించాలని రాశారు. ఖనిజం నాసిరకమన్నారు, కర్మాగారం రాలేదు. మన యువకులు దాని కోసం ధర్నాల్లో కూర్చున్నారు, తప్పు లేదు, ఉద్యోగాలు కావాలి. కానీ దాంతోపాటు 1997 నాటి సమత తీర్పు కూడా చదవాలి. షెడ్యూల్డ్ ప్రాంతంలో గని లీజులు గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు ఇవ్వకూడదని, తవ్వితే నికర లాభంలో కనీసం 20 శాతం అక్కడి అభివృద్ధికే పెట్టాలని సుప్రీంకోర్టు అన్నది. గుట్ట మనకు ఉద్యోగమివ్వాలా, గుట్టగానే మిగలాలా అన్న దాని మీద కోయ, లంబాడా ఇళ్ళలో ఒక్క మాట లేదు. నా మట్టుకు నేను, గ్రామసభ కాగితం మీద సంతకం అడిగిన రోజున చదివి పెట్టగలవాళ్ళు ఊరికి పదిమంది ఉండాలంటాను.

చూడటానికి వెళ్ళేవాళ్ళు వానలు వెనకబడ్డాక, కార్తీకం తర్వాత వెళ్ళండి. చెరువు నిండుగా ఉంటుంది. గుట్ట ఎక్కేటప్పుడు అక్కడి గూడెం పెద్దమనిషిని ఒకరిని వెంట తీసుకోండి. ఓపెన్‌కాస్ట్ దగ్గరికి అనుమతి లేకుండా పోవద్దు. డోర్నకల్ జంక్షన్‌లో మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. ప్లాట్‌ఫాం టికెట్ కొనుక్కుని అరగంట నిలబడితే బొగ్గు వ్యాగన్లు పోతుంటాయి, లెక్కపెట్టుకోవచ్చు.