టిఫిన్ డబ్బా కోచ్: వర్జీనియా టెక్‌లో బడ్ ఫోస్టర్ 33 ఏళ్లు

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో గెలిచినా ఓడినా ఆ లెక్క హెడ్ కోచ్ ఖాతాలోనే పడుతుంది. ఆయన కింద పనిచేసే కోచ్‌ల పేరు మీద గెలుపులు, ఓటములు అంటూ ఏ పట్టికా ఉండదు. బడ్ ఫోస్టర్ తన జీవితమంతా ఆ రెండో కుర్చీలోనే గడిపారు. 1987లో లైన్‌బ్యాకర్ల కోచ్‌గా వర్జీనియా టెక్ యూనివర్సిటీకి వచ్చి, 2019 సీజన్ ముగిశాక అక్కడే రిటైర్ అయ్యారు. మొత్తం 33 సీజన్లు. అందులో 25 సీజన్లు జట్టు డిఫెన్స్ బాధ్యత ఆయనదే. కోచ్‌లు రెండు మూడేళ్లకోసారి పెట్టె సర్దుకునే ఈ రంగంలో ఇంతకాలం ఒకే చోట ఉండటం మామూలు విషయం కాదు.

మన దగ్గర ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడే ఆట. అమెరికా వాళ్ల ఫుట్‌బాల్ వేరు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు, లేదా ముందుకు విసురుతారు. ఒక్కో వైపు 11 మంది. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు ఉంటాయి. ఆ నాలుగింటిలో కనీసం 10 గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్లీ నాలుగు అవకాశాలు, లేకపోతే బంతి ఎదుటివాళ్లది. 100 గజాల మైదానంలో ఇలా గజం గజం లెక్కగట్టి ఆడతారు. ఆ గజాలు పోకుండా ఆపడమే డిఫెన్స్ పని.

డిఫెన్స్‌లో ముందు వరుసలో ఉండేవాళ్లు భారీ మనుషులు, నేరుగా ఢీకొంటారు. అందరికంటే వెనక ఉండేవాళ్లు వేగంగా పరుగెత్తేవాళ్లు. ఈ రెండు వరుసల మధ్య నిలబడేవాడు లైన్‌బ్యాకర్. కబడ్డీలో రైడర్ కాలు ఎటు కదులుతుందో కనిపెట్టి, పక్కవాళ్లను సర్దుకోమని చెబుతూ, సరైన క్షణంలో మీద పడే ఆటగాడు ఉంటాడు కదా, దాదాపు అలాంటివాడు. పరుగు వస్తే ఆపాలి, బంతి విసిరితే వెనక్కి పోవాలి. ఏది వస్తుందో అర సెకనులో తేల్చుకోవాలి. బలం ఒక్కటే ఉంటే చాలదు, వేగం ఒక్కటే ఉన్నా చాలదు. ఈ స్థానానికి ఆటగాళ్లను తయారుచేయడమే ఫోస్టర్ చేతిపని. మొత్తం డిఫెన్స్ ఆయన చేతికి వచ్చిన తరువాత కూడా ఆ పని వదల్లేదు.

ఫోస్టర్ 1959లో పుట్టారు. పెరిగింది ఇల్లినాయ్ రాష్ట్రంలోని నొకోమిస్ అనే చిన్న ఊరిలో. కెంటకీ రాష్ట్రంలోని మర్రీ స్టేట్ యూనివర్సిటీ తరఫున డిఫెన్స్‌లో ఆడారు. చివరి రెండేళ్లు అక్కడ డిఫెన్స్ చూసుకున్న కోచ్ పేరు ఫ్రాంక్ బీమర్. 1981లో బీమర్ అదే జట్టుకు హెడ్ కోచ్ అయ్యారు. ఆట ముగించిన ఫోస్టర్ ఆయన దగ్గరే శిష్యరికంలో చేరారు. ఆరేళ్ల తరువాత బీమర్‌కు తన సొంత కాలేజీ వర్జీనియా టెక్ నుంచి పిలుపు వచ్చింది. వెళ్తూ వెళ్తూ ఫోస్టర్‌ను కూడా వెంట తీసుకెళ్లారు. అప్పటికి ఫోస్టర్ వయసు 28 కూడా నిండలేదు.

బ్లాక్స్‌బర్గ్ అనేది కొండల మధ్య ఉన్న యూనివర్సిటీ ఊరు. ఇంజనీరింగ్ ఎమ్మెస్ కోసం అమెరికా వెళ్లే మన పిల్లల ఇళ్లలో వర్జీనియా టెక్ పేరు కొత్తేమీ కాదు. కానీ 1987లో అక్కడి ఫుట్‌బాల్‌కు అంత పేరు లేదు. బీమర్ తొలి ఏడాది 2 గెలుపులు, 9 ఓటములు. రెండో ఏడాది 3 గెలుపులు, 8 ఓటములు. ఆరో ఏడాది, అంటే 1992లో, మళ్లీ 2 గెలుపులే. ఇప్పటి రోజుల్లో అయితే ఏ హెడ్ కోచ్‌నూ అంతకాలం ఉంచేవాళ్లు కాదు. యూనివర్సిటీ బీమర్‌ను ఉంచింది. ఆ సీజన్ తరువాత ఆయన కింది కోచ్‌లలో మార్పులు జరిగాయి. ఫోస్టర్ మాత్రం నిలిచారు. మరుసటి ఏడాది నుంచి కథ మారింది. 1993 మొదలుకుని 2019 దాకా వరుసగా 27 సీజన్లు వర్జీనియా టెక్ బౌల్ మ్యాచ్ ఆడింది. సీజన్ చివర్లో బాగా ఆడిన జట్లకు దక్కే మ్యాచ్‌లు ఇవి. ఆ 27 ఏళ్లూ ఫోస్టర్ అక్కడే ఉన్నారు.

గని కార్మికుడి డబ్బా

1995లో ఫోస్టర్‌కు, రాడ్ షార్ప్‌లెస్ అనే మరో కోచ్‌కు కలిపి డిఫెన్స్ కోఆర్డినేటర్ బాధ్యత ఇచ్చారు. మరుసటి ఏడాది నుంచి అది ఫోస్టర్ ఒక్కరిదే అయింది. పేరున్న ఆటగాళ్లు పెద్ద యూనివర్సిటీలకు పోతారు, బ్లాక్స్‌బర్గ్‌కు మిగిలిన వాళ్లే వస్తారు. వాళ్లకు మనం ఎవరం, ఎట్లా ఆడతాం అని చెప్పడానికి ఒక గుర్తు కావాలని ఇద్దరూ అనుకున్నారు. షార్ప్‌లెస్ అత్తగారు న్యూజెర్సీలో ఒక పాత టిఫిన్ డబ్బా సంపాదించి పంపారు. బొగ్గు గనిలో పనిచేసిన ఒక కార్మికుడిది అది. సొట్టలు పడిన రేకు డబ్బా. సింగరేణి ప్రాంతంలో పెరిగినవాళ్లకు ఇంతకన్నా వివరంగా చెప్పనక్కర్లేదు. షిఫ్టుకు పోయే మనిషి చేతిలో ఏముంటుందో వాళ్లకు తెలుసు.

ఆ సీజన్ లక్ష్యాలు రాసిన కాగితం మీద డిఫెన్స్ ఆటగాళ్లు సంతకాలు చేసి ఆ డబ్బాలో పెట్టేవారు. బాగా ఆడినవాడికి దాన్ని మోసే అవకాశం దక్కేది. చెప్పుకుంటే చిన్న విషయమే. ఇలాంటి గుర్తులు అమెరికా కాలేజీల్లో బోలెడు పుడతాయి, కోచ్ మారగానే చెత్తబుట్టలో పడతాయి. ఇది పడలేదు. ఎందుకంటే మొదటి ఏడాదే ఫలితం కనబడింది. 1995 సీజన్‌ను వర్జీనియా టెక్ రెండు వరుస ఓటములతో మొదలుపెట్టింది. ఆ తరువాత ఒక్కటీ ఓడలేదు. షుగర్ బౌల్‌లో టెక్సస్‌పై 28-10 గెలుపుతో కలిపి వరుసగా 10 గెలిచింది.

ఫోస్టర్ పద్ధతిని తేలికగా చెప్పాలంటే, ఎదుటి జట్టుకు ఆలోచించే టైమ్ ఇవ్వకపోవడం. బంతి విసిరే ఆటగాడిని క్వార్టర్‌బ్యాక్ అంటారు. అతని మీదికి ఎటు నుంచి ఎవరు వస్తారో ముందుగా తెలియకుండా చేయడం ఆయన ఆటలో ప్రధానం. మైక్, బ్యాకర్, విప్, రోవర్ అని ఆయన డిఫెన్స్‌లో స్థానాలకు పేర్లుండేవి. విప్, రోవర్ స్థానాల్లో ఆడేవాళ్లు సగం లైన్‌బ్యాకర్లు, సగం వెనక వరుస ఆటగాళ్లు. పరుగును ఆపడానికి ఎక్కువ మంది ముందుకు రావాలి, బంతి విసిరితే అదే మనుషులు వెనక్కి ఉరకాలి. అందుకే ఆయన పెద్ద శరీరాల కంటే వేగంగా కదిలేవాళ్లను ఏరుకునేవారు.

1999లో ఆ పద్ధతి పంట పండింది. కోరీ మూర్ అనే డిఫెన్స్ ఆటగాడికి ఆ ఏడాది లొంబార్డి, నగుర్‌స్కీ అవార్డులు రెండూ వచ్చాయి. అటువైపు క్వార్టర్‌బ్యాక్‌గా కుర్రవాడు మైకేల్ విక్. జట్టు 11 మ్యాచ్‌లు ఆడి 11 గెలిచి జాతీయ టైటిల్ మ్యాచ్‌కు చేరింది. 2000 జనవరి 4న ఫ్లోరిడా స్టేట్‌తో ఆ మ్యాచ్. మూడో క్వార్టర్ ముగిసేసరికి వర్జీనియా టెక్ 29-28తో ముందుంది. చివరి క్వార్టర్‌లో డిఫెన్స్ 18 పాయింట్లు ఇచ్చేసింది. 46-29తో ఓటమి. ఫోస్టర్ ఉన్నన్నాళ్లూ, ఆ తరువాత కూడా, వర్జీనియా టెక్ మళ్లీ ఆ మెట్టు ఎక్కలేదు. ఆయన కెరీర్‌లో జాతీయ టైటిల్ లేదు. ఈ లోటును దాచి పొగడటంలో అర్థం లేదు.

గజాల లెక్క చూస్తే 2005, 2006 ఆయన ఉచ్ఛదశ. ఆ రెండేళ్లూ దేశం మొత్తం మీద అతి తక్కువ గజాలు ఇచ్చిన డిఫెన్స్ వర్జీనియా టెక్‌దే. 2006లో ఒక్కో మ్యాచ్‌కు సగటున 219.5 గజాలు, 11 పాయింట్లు మాత్రమే ఇచ్చింది. రెండింటిలోనూ దేశంలో మొదటి స్థానం. దేశంలో ఉత్తమ అసిస్టెంట్ కోచ్‌కు ఇచ్చే బ్రాయిల్స్ అవార్డు ఆ ఏడాది ఫోస్టర్‌కే వచ్చింది. అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో చేరిన తొలి ఏడాదే, అంటే 2004లో, జట్టు టైటిల్ కొట్టింది. తరువాత 2007, 2008, 2010లో కూడా.

2007 ఏప్రిల్ 16

ఆ రోజు బ్లాక్స్‌బర్గ్ క్యాంపస్‌లో ఒక విద్యార్థి జరిపిన కాల్పుల్లో 27 మంది విద్యార్థులు, ఐదుగురు అధ్యాపకులు చనిపోయారు. చనిపోయినవారిలో తమిళనాడులో పుట్టిన సివిల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ జి.వి.లోగనాథన్ ఉన్నారు. ముంబై నుంచి వెళ్లిన ఒక విద్యార్థిని, ఈజిప్టు నుంచి పీహెచ్‌డీ కోసం వెళ్లిన ఒక ముస్లిం విద్యార్థి కూడా ఉన్నారు. చదువు కోసం పిల్లల్ని సముద్రాలు దాటించిన ఇళ్లు ఎన్ని దేశాల్లో ఉన్నాయో ఆ జాబితా చూస్తే అర్థమవుతుంది.

ఆ ఏడాది సీజన్ మొదలైనప్పుడు ఫోస్టర్ డిఫెన్స్ మోసిన టిఫిన్ డబ్బాలో ఆ 32 మంది పేర్లున్నాయి. సెప్టెంబరు 1న లేన్ స్టేడియంలో తొలి మ్యాచ్ ఈస్ట్ కరోలినాతో. 17-7తో గెలిచారు. ఆట చూస్తే గొప్ప మ్యాచ్ ఏమీ కాదు. ఆ రోజు అక్కడికి వచ్చిన వేలమంది ఆట కోసం మాత్రమే రాలేదు.

పెద్ద కుర్చీ దక్కలేదు

ఫోస్టర్ ఏదో ఒక కాలేజీకి హెడ్ కోచ్‌గా వెళ్తారని చాలాసార్లు వార్తలు వచ్చాయి. ఆయన వెళ్లలేదు. 2015లో బీమర్ రిటైర్మెంట్ ప్రకటించినప్పుడు ఆ కుర్చీ ఇక ఫోస్టర్‌దేనని అనుకున్నవాళ్లు చాలామంది. యూనివర్సిటీ మాత్రం మెంఫిస్ నుంచి జస్టిన్ ఫ్యుయెంటెను తెచ్చుకుంది. ఫోస్టర్ కంటే ఆయన 17 ఏళ్లు చిన్న. మన ఆఫీసుల్లో ఇలాంటిది జరిగితే సీనియర్ మనిషి నెల తిరక్కుండానే రాజీనామా ఇస్తాడు, లేదా ఉండి కూడా మనసు పెట్టడు. ఫ్యుయెంటె ఉండమని అడిగారు, ఫోస్టర్ ఉన్నారు. కొత్త కోచ్ తొలి సీజన్‌లోనే జట్టు 10 మ్యాచ్‌లు గెలిచింది.

దానికి రెండేళ్ల ముందు జరిగిన రెండు మ్యాచ్‌లు ఫోస్టర్ డిఫెన్స్ సత్తా ఏమిటో, దాని హద్దు ఎక్కడో రెండూ చూపిస్తాయి. 2014 సెప్టెంబరు 6న ఒహాయో స్టేట్ సొంత మైదానంలో లక్ష మందికి పైగా జనం. ఎదుటి క్వార్టర్‌బ్యాక్ జె.టి.బ్యారెట్ అనుభవం లేని కుర్రవాడు, గాయపడిన సీనియర్ స్థానంలో వచ్చాడు. ఫోస్టర్ ముందు వరుసలోకి ఎక్కువమందిని దించి, వెనక కార్నర్‌బ్యాక్‌లను ఒంటరిగా వదిలేశారు. వాళ్లలో ఒక్కరు తప్పినా కొంప మునిగే ఎత్తు అది. బ్యారెట్ 29 సార్లు విసిరితే 9 మాత్రమే తన వాళ్లకు చేరాయి, మూడు వర్జీనియా టెక్ చేతిలో పడ్డాయి. ఏడుసార్లు క్వార్టర్‌బ్యాక్‌ను బంతి విసరకముందే పడగొట్టారు. చివర్లో డోనోవన్ రైలీ అలా అందుకున్న బంతితో 63 గజాలు పరుగెత్తి లెక్క ముగించాడు. స్కోరు 35-21. ఒహాయో స్టేట్ ఆ తరువాత ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా జాతీయ చాంపియన్ అయింది. ఆ సీజన్‌లో వాళ్లను ఓడించింది వర్జీనియా టెక్ ఒక్కటే.

అదే ఏడాది నవంబరు 22న వేక్ ఫారెస్ట్‌తో మ్యాచ్. నాలుగు క్వార్టర్లు ముగిసేసరికి స్కోరు 0-0. డిఫెన్స్ ఒక్క పాయింట్ ఇవ్వలేదు, మన వైపు ఆఫెన్స్ ఒక్క పాయింట్ తేలేదు. రెండో అదనపు పీరియడ్‌లో 6-3తో ఓడిపోయారు. డిఫెన్స్ కోచ్ ఇంతకన్నా ఏం చేయగలడు?

ఆయన తయారుచేసిన ఆటగాళ్ల పట్టిక పెద్దది. ఫుల్లర్ కుటుంబం నుంచి నలుగురు అన్నదమ్ములు వర్జీనియా టెక్‌లో ఆడారు, వాళ్లలో ముగ్గురు ఫోస్టర్ డిఫెన్స్‌లోనే. 2018 ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో లైన్‌బ్యాకర్ ట్రెమెయిన్ ఎడ్మండ్స్‌ను 19 ఏళ్ల వయసులోనే బఫలో బిల్స్ 16వ ఎంపికగా తీసుకుంది. అదే రౌండులో 28వ ఎంపికగా అతని అన్న టెరెల్‌ను పిట్స్‌బర్గ్ స్టీలర్స్ తీసుకుంది. ఒకే డ్రాఫ్ట్ తొలి రౌండులో సొంత అన్నదమ్ములిద్దరు ఎంపిక కావడం అదే మొదటిసారి.

అంతమంది వెళ్లిపోతే ఏమవుతుందో ఆ ఏడాదే తెలిసింది. 2018 సెప్టెంబరులో ఓల్డ్ డొమినియన్ అనే చిన్న జట్టు 49 పాయింట్లు కొట్టింది. నవంబరులో పిట్స్‌బర్గ్ 52 కొట్టింది. 6 గెలుపులు, 7 ఓటములతో సీజన్ ముగిసింది. 1992 తరువాత గెలుపుల కంటే ఓటములు ఎక్కువైంది ఇదే మొదటిసారి. ఆట మారింది, ఫోస్టర్ మారలేదు అనే విమర్శలు వినిపించాయి. అందులో కొంత నిజం లేకపోలేదు.

2019 ఆగస్టు 1న, ఈ సీజనే నాకు ఆఖరిది అని ఫోస్టర్ ప్రకటించారు. సెప్టెంబరు చివర్లో సొంత మైదానంలోనే డ్యూక్ చేతిలో 45-10తో చిత్తయ్యారు. అక్కడి నుంచి డిఫెన్స్ మెల్లగా కుదురుకుంది. నవంబరు 16న జార్జియా టెక్‌పై 45-0. వారం తరువాత లేన్ స్టేడియంలో ఫోస్టర్‌కు చివరి మ్యాచ్. ఎదుట ఉన్నది ఏడాది కింద 52 పాయింట్లు కొట్టిన పిట్స్‌బర్గ్. ఈసారి 28-0. ఎదుటివాళ్లకు సున్నా.

సినిమా అయితే అక్కడే శుభం కార్డు పడేది. ఆ తరువాతి వారం వర్జీనియా యూనివర్సిటీ చేతిలో 39-30తో ఓడి, వాళ్లపై 15 ఏళ్లుగా ఉన్న వరుస గెలుపుల రికార్డు పోగొట్టుకున్నారు. డిసెంబరు 31న షార్లెట్‌లో జరిగిన బెల్క్ బౌల్ ఆయన ఆఖరి మ్యాచ్. ఎదుటి జట్టు కెంటకీ, ఆయన ఆట నేర్చిన రాష్ట్రం. ఆ జట్టులో క్వార్టర్‌బ్యాక్‌లు గాయపడితే లిన్ బౌడెన్ అనే రిసీవర్‌ను ఆ స్థానంలో ఆడించారు. అతను 233 గజాలు పరుగెత్తి, ఆట 15 సెకన్లు మిగిలి ఉండగా గెలుపు బంతి విసిరాడు. 37-30.

ఫోస్టర్ స్థానంలోకి జస్టిన్ హామిల్టన్ వచ్చారు. ఆయన వర్జీనియా టెక్‌లోనే ఆడిన పాత విద్యార్థి. ఫోస్టర్ రిటైరయ్యాక కూడా ఊరు విడిచిపోలేదు, అదే యూనివర్సిటీ క్రీడా విభాగంలో ఉండిపోయారు.