ఒక అక్షరము లేని సందేశము

రెండవ ప్రపంచ యుద్ధమున శత్రునౌకలను ముంచినవారి పేర్లు చరిత్ర గ్రంథముల కెక్కినవి. ఆ నౌకలు ఏ దినమున బయలుదేరునో ముందుగా కనిపెట్టిన వారి పేర్లు మాత్రము మూడు దశాబ్దుల వరకు లోకమునకు తెలియలేదు. వారిలో పెక్కుమంది స్త్రీలు.

లండనుకు వాయవ్యముగా సుమారు 50 మైళ్ల దూరమున బ్లెచ్లీ పార్కు అను పాత భవనము కలదు. శత్రువుల రహస్య లిపిని ఛేదించుటకై బ్రిటిషు ప్రభుత్వము యుద్ధకాలమున అచట ఒక కార్యాలయమును నడపెను. యుద్ధాంతము నాటికి అందు పనిచేయువారిలో ఇంచుమించు నూటికి 75 మంది స్త్రీలే.

శత్రువుల యంత్రము పేరు ఎనిగ్మా. చూచుటకు టైపు మిషను వంటిది. ఒక మీటను నొక్కగనే లోపలి చక్రము కదలి, వేరొక అక్షరము క్రింద దీపము వెలుగును. అదే మీటను మరల నొక్కినచో మరియొక అక్షరము వచ్చును. ఇంతటి యంత్రమునకును ఒక లోపము కలదు. ఏ అక్షరమునకును బదులుగా ఆ అక్షరమే ఎన్నడును రాదు.

1940లో మేవిస్ లీవర్ అను కన్య, లండనులో జర్మను భాషాధ్యయనమును విడిచి, ఈ కొలువునకు వచ్చెను. వయస్సు 19 ఏండ్లు. గ్రీకు పండితుడైన డిల్లీ నాక్స్ వద్ద, భవనము చెంతనున్న ఒక కుటీరమున ఆమెకు పని. ఒకనాడు ఆమె చేతికి వచ్చిన ఇటాలియను సందేశమున ఆద్యంతము ‘ఎల్’ అను అక్షరము కానరాలేదు. మనబోటివారము దానిని గమనించియే యుండము. గమనించినను కాకతాళీయమని విడిచెదము. ఆమె విడువలేదు. పరీక్షకై ఏదో యొక సందేశమును పంపుమనగా, బద్ధకించిన ఉద్యోగి యెవడో ‘ఎల్’ మీటనే తుదివరకు నొక్కియుండవలెనని ఊహించెను. ఊహ నిజమయ్యెను. దానివలన ఒక క్రొత్త చక్రములోని తీగెల అమరిక యంతయు బయటపడినది.

ఈ కుటీరముననే 1941 మార్చి 25వ తేదీ నాటి ఇటలీ నౌకాదళపు సందేశము ఒకటి విప్పబడినది. కార్యదినమునకు ఇంకను మూడు దినములు కలవని దాని భావము. కార్యమేమో అందు లేదు. మూడు దినములు రాత్రింబవళ్లు పని సాగినది. తుదకు దాడి వివరములు దొరకినవి. అలెగ్జాండ్రియాలోని అడ్మిరల్ కన్నింగ్‌హామ్, జపాను రాయబార ఉద్యోగి చూచుచుండగా గోల్ఫు ఆటకు పోవువానివలె పెట్టెతో బయలుదేరి, చీకటి పడగానే రహస్యముగా ఓడ నెక్కెను. రహస్యము బయటపడకుండుటకై ముందుగా ఒక విమానమును కూడ పంపెను; ఇటాలియనులు తమ్ము ఆ విమానమే కనిపెట్టినదని తలచిరి. 28వ తేదీ రాత్రి గ్రీసు దేశపు మాటపాన్ అగ్రము చెంత మూడు ఇటాలియను క్రూయిజర్లు, రెండు డిస్ట్రాయర్లు దెబ్బతిని మునిగిపోయినవి. సుమారు 2,300 మంది ఇటాలియను నావికులు మరణించిరి. కాగితముపై అక్షరములు మాత్రమే చూచిన యువతుల పనికి అంతటి ఫలము కలదు.

వీరి జీతములు మాత్రము పురుషులకంటె తక్కువ. కేంబ్రిడ్జిలో గణితము చదివిన జోన్ క్లార్క్‌కు జీతము పెంచుటకై ఆమెను భాషావేత్తగా నమోదు చేయవలసి వచ్చెను. ఆమె ఆ పత్రమున ‘హోదా: భాషావేత్త, వచ్చిన భాషలు: ఏవియు లేవు’ అని సంతోషముగా వ్రాసెను. ఆమె పట్టమునకు అర్హత పొందినను, కేంబ్రిడ్జి స్త్రీలకు పూర్ణ పట్టము నిచ్చుట 1948లో గాని మొదలు కాలేదు.

మేవిస్ 1942లో అచటనే పనిచేయుచున్న కీత్ బేటీని వివాహమాడెను. ఈ సంగతులు 1974లో గాని బ్రిటనులో పుస్తకరూపమున వెలువడలేదు. తరువాత ఆమె పురాతన ఉద్యానవనముల చరిత్రకారిణిగా ప్రసిద్ధి కెక్కి, 2009లో తన గురువు నాక్స్ జీవితచరిత్రను ప్రకటించెను. 2013లో తన 92 ఏండ్ల వయస్సున మరణించెను.