గొర్రెల ముక్కు కణితి: పుట్టుచోటు వెతికిన చరిత్ర

గొర్రె ముక్కులో బాగా లోపల, రెండు కళ్ల నడుమ, చుట్టలు తిరిగి ఉండే ఎథ్మాయిడ్ ఎముక మీది పొరలో పెరిగే అంటు కణితిని పశువైద్యులు ఎంజూటిక్ నేసల్ అడినోకార్సినోమా అంటారు. క్యాన్సర్ అంటుకోవడమేమిటన్న సందేహం సహజమే. ఒక గొర్రె నుంచి ఇంకో గొర్రెకు పాకేది కణితి కాదు, దాన్ని పుట్టించే వైరస్. ఆ వైరస్ కన్నా ముందు పరిశోధకులను తికమకపెట్టింది మరో ప్రశ్న: ఈ గడ్డ ముక్కులోని ఏ కణజాలం నుంచి మొలుస్తోంది?

2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశంలోనే మొదటి స్థానం తెలంగాణది, లెక్క 1.9 కోట్లు దాటింది. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం వంటి చోట్ల గొల్లకురుమల మందలో ముక్కు కారే గొర్రె కనబడితే మొదట మదిలో మెదిలేవి పారుడు రోగం (పీపీఆర్), మూతివాపు, న్యుమోనియా, లేదంటే ముక్కు ఈగ పెట్టిన పురుగులు. కణితి తీరు వేరు. జ్వరం ఉండదు. నీళ్లలాంటి స్రావం రోజుల తరబడి కారుతూనే ఉంటుంది; దాని తడికి ముక్కుపుటాల చుట్టూ వెంట్రుకలు ఊడిపోతాయి. తర్వాత గురక, నోటితో ఊపిరి పీల్చడం, చిక్కిపోవడం. కొన్నింటికి ఒక కన్ను ముందుకు పొడుచుకొస్తుంది, ముఖం ఎముక వంకర తిరుగుతుంది. ఒక్కో ముక్కుపుటం దగ్గర దూదిపింజ పట్టుకుని చూస్తే ఏ వైపు గాలి ఆడటం లేదో తెలిసిపోతుంది. ఎక్కువగా రెండు నుంచి నాలుగేళ్ల వయసు గొర్రెల్లో ఇది బయటపడుతుంది.

జర్మనీలో కోర్స్ అనే పరిశోధకుడు 1953లో ఈ గడ్డలను వాసన పట్టే పొరలో పుట్టే అంటు అడినోపాపిల్లోమాలుగా వర్ణించాడు. 1961లో అమెరికాలో యంగ్ బృందం కూడా ఘ్రాణ పొర కణితులనే రాసింది. 1978లో జపాన్ పరిశోధకులు సైతం ఎథ్మాయిడ్ ఘ్రాణ పొరనే చూపారు. వాళ్లను తప్పుపట్టలేం. గడ్డ ఉన్నది సరిగ్గా అక్కడే. అప్పటికే ముక్కు అంతా నిండిపోవడంతో అది ఏ మూల మొదలైందో కంటికి ఆనదు. అయితే చోటు వేరు, కణజాలం వేరు. వాసన పట్టే పొరలో నాడీకణాలున్నాయి, వాటికి ఆసరాగా నిలిచే కణాలున్నాయి, పొర అడుగున స్రావం ఊరించే బౌమన్ గ్రంథులున్నాయి. నాడీకణాల నుంచి పుట్టే కణితి ఒక రకం, గ్రంథి నుంచి పుట్టేది పూర్తిగా మరో రకం.

సూక్ష్మదర్శిని కింద ఈ కణితి గొట్టాలుగా, తిత్తులుగా, వేళ్లలా సాగిన మడతలుగా, అంటే గ్రంథి పోలికతోనే కనిపిస్తుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద కణాల్లో స్రావపు రేణువులు తేలాయి. దాంతో శ్లేష్మపొర గ్రంథుల్లోని స్రావకణాలే మూలమన్న అభిప్రాయం స్థిరపడింది. ముక్కు నుంచి ఆగకుండా నీళ్లెందుకు కారుతాయో కూడా దీంతో తేలిపోయింది: గ్రంథి కణం క్యాన్సర్‌గా మారినా తన పని మానదు, స్రవిస్తూనే ఉంటుంది. కణితి చుట్టూ ఉన్న ఎముకను తినేస్తుంది గానీ ఊపిరితిత్తులకో కాలేయానికో పాకడం సాధారణంగా ఉండదు.

వైరస్ సంగతి తర్వాత తేలింది. 1999లో కజన్స్ బృందం గొర్రెల కణితి వైరస్ జన్యుక్రమాన్ని పూర్తిగా చదివింది. అది బీటారెట్రోవైరస్, గొర్రెల ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ తెచ్చే జాగ్‌సీక్టే వైరస్‌కు దగ్గరి చుట్టం. క్లోనింగ్ గొర్రె డాలీని 2003లో బలిగొన్నది ఆ జాగ్‌సీక్టేనే. రెండూ కణంలోకి చొరబడటానికి వాడుకునే తలుపు ఒకటే, హయల్-2 అనే ప్రోటీన్. అది శరీరంలో చాలా కణాల మీద ఉంటుంది. మరి ఒకటి ముక్కులోనూ ఇంకొకటి ఊపిరితిత్తుల్లోనూ ఎందుకు కాపురం పెట్టాయి? వైరస్ జన్యువు రెండు కొసల్లోనూ దాని జన్యువులను నడిపించే మీటలాంటి భాగాలున్నాయి. జాగ్‌సీక్టే మీట ఊపిరితిత్తుల కణాల్లోనే బలంగా పనిచేస్తుందని 2000 నాటికి పల్మరీని బృందం చూపింది. పుట్టుక కణజాలం ప్రశ్నకు నా దృష్టిలో అసలైన మలుపు ఇదే. ఎక్కడ చొరబడిందన్నదాని కన్నా ఎక్కడ మేలుకుందన్నదే కీలకమని దీనితో అర్థమైంది.

పాకేది కణితి కణాలు కాదు, వైరసే అని తేల్చడానికి 2013లో కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కణాలన్నిటినీ వడగట్టేసిన కణితి ద్రవాన్ని తుంపరగా మార్చి రెండు వారాల గొర్రెపిల్లలతో పీల్పించారు. ఒక పిల్లకు 12 వారాలకే ముక్కు రెండు వైపులా కణితి పెరిగింది.

మేకల్లో ఈ జబ్బుకు కారణం అదే కుటుంబంలోని మరో వైరస్. మన దక్షిణాదిలోనే, కేరళలో రాజన్ తదితరులు మేకల ఎథ్మాయిడ్ కణితుల గురించి 1980లోనే ప్రచురించారు. ఇక గొర్రెల విషయానికొస్తే, 2017లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన గొర్రెల పంపిణీకి పక్క రాష్ట్రాల నుంచి కూడా జీవాలను కొన్నారు. ముక్కు స్రావంతో పాకే జబ్బుకు అలాంటి రాకపోకలే దారి.

రక్తపరీక్షతో దీన్ని పట్టలేం. ఈ వైరస్‌ను పోలిన పాత వైరస్ ముక్కలు గొర్రె జన్యువుల్లోనే తరతరాలుగా ఉండటంతో, శరీరం దీన్ని పరాయిదిగా గుర్తించదు, ప్రతిరక్షకాలు తయారుచేయదు. అందుకే బతికున్న గొర్రెలో స్రావాన్ని పీసీఆర్‌తో పరీక్షించాలి. ఆ పరీక్ష కూడా సొంత జన్యువుల్లోని ముక్కలను వైరస్‌గా పొరబడనిదై ఉండాలి. చనిపోయిన గొర్రెలో తలను నిలువునా కోసి, ఎథ్మాయిడ్ ముక్కను ఫార్మలిన్‌లో వేసి పంపితే సరిపోతుంది. ఇబ్రహీంపట్నం వాళ్లకు రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల దూరమేమీ కాదు. కానీ చిక్కిపోయిన గొర్రె డాక్టరు దాకా వెళ్లక ముందే కటికవాడి దగ్గరికి చేరుతుంది, తలకాయ కూరకు తలను రెండుగా చీల్చేదీ అతనే. ఆ లెక్కన ఎథ్మాయిడ్ భాగాన్ని పాథాలజిస్టు కన్నా ఎక్కువసార్లు చూసేది కటికవాడే. దీనికి టీకా లేదు, మందు లేదు. లక్షణాలు కనిపించిన గొర్రెను వెంటనే మంద నుంచి వేరుచేసి తీసేయడమే ఇప్పటికున్న పద్ధతి.