టీవీ తెర మీది బొమ్మ ఎవరిది?

ఈసారి కాస్త పొడుగ్గా రాస్తున్నాం. తీరిక చూసుకుని చివరిదాకా చదవండి.

చైత్ర జాతర అయ్యాక మాలో నలుగురం కూర్చుని, నెట్‌లోని విజ్ఞాన సర్వస్వంలో రాయగడ మజ్జిగౌరమ్మ గుడి మీదున్న వ్యాసానికి ఒక బొమ్మ చేర్చాం. జాతర రోజు ఒక ఛానల్‌లో వచ్చిన దృశ్యాన్ని ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టేశాం. ఛానల్ గుర్తు కూడా మూలన అలాగే ఉంది. కొద్దిరోజులకే బొమ్మ ఎగిరిపోయింది. "ఒడిశాలో ఉన్న తెలుగువాళ్ళమంటే అందరికీ లోకువే" అని మాలో ఒకరు గట్టిగానే అన్నారు. తర్వాత నియమాలు తెరిచి చదివితే తప్పు మాదేనని తేలింది. ఆ తప్పేమిటో, ఆ నియమాల వెనక ఎంత చరిత్ర ఉందో మీకూ చెప్పాలనిపించింది.

ఫోన్ మనది, టీవీ మనది, కాబట్టి స్క్రీన్‌షాట్ కూడా మనదే అనిపిస్తుంది. చట్టం అలా అనదు. మన కాపీరైట్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం, సినిమాలోని ఏ దృశ్యాన్నైనా ఫోటోగా తీసుకునే హక్కు కూడా ఆ సినిమా హక్కుదారుదే. రికార్డు చేసిన టీవీ కార్యక్రమం కూడా చట్టం దృష్టిలో సినిమా కిందికే వస్తుంది. ఇది కాక, ప్రసారం చేసిన సంస్థకు తన ప్రసారం మీద 25 ఏళ్ళ హక్కు విడిగా ఉంటుంది.

మరి సమీక్ష రాసేవాళ్ళు, పాఠం చెప్పేవాళ్ళు ఏం కావాలి? ఈ ప్రశ్న టీవీ కంటే చాలా పాతది. 1841లో అమెరికాలో జార్జి వాషింగ్టన్ ఉత్తరాల మీద నడిచిన ఒక కేసులో, ఎంత తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, దానివల్ల అసలు పుస్తకం అమ్మకానికి ఎంత నష్టం అని కోర్టు తూకం వేసింది. బ్రిటన్ 1911 చట్టంలో విమర్శకు, సమీక్షకు, సొంత చదువుకు మినహాయింపు రాసుకుంది. అదే 1914లో మన దేశానికీ వచ్చింది. అప్పటికి మన కొరాపుట్, రాయగడ, గుణుపూర్ అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లా కిందే ఉండేవి. 1936 ఏప్రిల్ 1న మనం ఒరిస్సాలో కలిశాం. రాష్ట్రం మారినా ఆ చట్టం మాత్రం మారలేదు.

స్వతంత్రం వచ్చాక 1957లో మన సొంత కాపీరైట్ చట్టం తయారై, 1958 జనవరిలో అమలైంది. టీవీ ఢిల్లీలో మొదలైంది 1959 సెప్టెంబరులో. ఆ చట్టం 52వ సెక్షన్‌లో సమీక్షకు మినహాయింపు ఉంది గానీ, అది పుస్తకాలు, నాటకాలు, పాటలు, చిత్రలేఖనం వంటివాటికే. సినిమాకూ టీవీ రికార్డింగుకూ ఆ మాట స్పష్టంగా విస్తరించింది 2012 సవరణతోనే. అంటే సినిమా మీద సమీక్ష రాస్తూ అందులోని ఒక దృశ్యం వాడుకోవడానికి చట్టంలో చోటు దొరికి ఎన్నో ఏళ్ళు కాలేదు.

ఇక విజ్ఞాన సర్వస్వం సంగతి. వికీపీడియా ఒడియాలో 2002లో, తెలుగులో 2003 డిసెంబరులో మొదలైంది. అందులోది ఎవరైనా తీసుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా అన్నది దాని మూలసూత్రం. 2004లో వచ్చిన బొమ్మల భాండాగారం కామన్స్‌లోకి పరాయి హక్కుల బొమ్మ అసలే రాకూడదు. ఒక్కో భాష వికీపీడియాకు మాత్రం కొంత వెసులుబాటు ఇస్తూ వికీమీడియా ఫౌండేషన్ 2007 మార్చి 23న ఒక తీర్మానం చేసింది. పరాయి బొమ్మలు చాలా తక్కువగా వాడాలి. చరిత్రలో నిలిచే ఘటనలకో, లోగోలకో, ఆ కృతి గురించే రాసిన వ్యాసానికో వాడాలి. ఇంకొకరు స్వేచ్ఛగా ఇవ్వగల బొమ్మ ఉంటే వాడనే కూడదు. బతికున్న ప్రముఖుల ఫోటోలను ఇందుకు ఉదాహరణగా అందులోనే పేర్కొన్నారు.

అందుకే స్క్రీన్‌షాట్ పెట్టేవాళ్ళు కింద ఒక సంజాయిషీ రాయాలి. హక్కు ఎవరిది, ఏ కార్యక్రమంలోది, ఏ వ్యాసంలో వాడుతున్నాం, ఇది లేకపోతే పాఠకుడికి ఏది అర్థం కాదు, దీని బదులు ఇంకోటి ఎందుకు దొరకదు అన్నవన్నీ చెప్పాలి. బొమ్మ చిన్నదిగా ఉండాలి. ఇంగ్లిష్ వికీపీడియాలో మొత్తం లక్ష పిక్సెళ్ళు దాటకపోతే మంచిదంటారు.

మా బొమ్మను ఈ గీటురాయి మీద పెట్టి చూడండి. జాతర ఏటా జరుగుతుంది. వేలమంది వస్తారు, వాళ్ళలో చాలామంది చేతిలో ఫోన్ ఉంటుంది. "ఇంకోటి దొరకదు" అని మేం ఏ ముఖం పెట్టుకుని రాయగలం?

నిలబడే సందర్భాలూ ఉన్నాయి. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా అమెరికా ఉపగ్రహం సాయంతో 2,400 పల్లెలకు టీవీ పాఠాలు వచ్చాయి. ఆ ఆరు రాష్ట్రాల్లో ఒరిస్సా, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. ఆనాటి ఒక కార్యక్రమాన్ని ఎలా తీశారో చర్చించే వ్యాసం రాస్తే, అందులోని ఒక దృశ్యానికి సంజాయిషీ నిలుస్తుంది. దాన్ని ఇవాళ ఎవరూ మళ్ళీ తీయలేరు. 2002లో హైదరాబాదు సంస్థ మొదలుపెట్టిన ఈటీవీ ఒడియాలో వచ్చిన ఒక కార్యక్రమం మీద వ్యాసం రాస్తే, దాని పేరు పడే తెర ఒక్కటి పెట్టుకోవచ్చు. అదే కార్యక్రమంలో కనబడిన కొండనో, వాగునో చూపించడానికి మాత్రం కుదరదు.

పాత సినిమాలైతే సులువనుకుంటాం. అక్కడా మెలిక ఉంది. 1963 నాటి 'లవకుశ'కు మన చట్టం ఇచ్చిన 60 ఏళ్ళు 2023 చివరితో తీరాయి. అమెరికా చట్టం లెక్క 95 ఏళ్ళు, అంటే 2058 చివరిదాకా. సర్వర్లు అక్కడ ఉన్నాయి కాబట్టి ఆ లెక్క కూడా చూడాల్సిందే.

"మనమీద కేసు వేసేదెవరులే" అని కొందరంటారు. వేయకపోవచ్చు. కానీ రేపు మన గుణుపూర్‌లో ఒక బడి ఆ వ్యాసాన్ని పుస్తకంగా అచ్చు వేయించాలనుకుంటే, మన ఫోటో దానితో పాటు వెళ్తుంది, ఛానల్ బొమ్మ వెళ్ళదు. అంతకంటే పెద్ద మాట ఇంకోటి ఉంది. ఛానల్ మన దగ్గరికి వచ్చేది జాతర రోజున. మిగతా రోజుల్లో మన బజారు, మన బడి, మన నాటకాలు దానికి కనబడవు. దాని తెర మీదే ఆధారపడితే మన చరిత్ర ఒక్కరోజు పండగై మిగులుతుంది.

జయపురం మహారాజు విక్రమదేవ వర్మగారినే తీసుకోండి. తెలుగులోనూ ఒడియాలోనూ రాసినవారు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలిచ్చినవారు. 1951లో పోయారు, అంటే దేశంలో టీవీ రాకముందే. ఆయన బొమ్మ కోసం టీవీ డాక్యుమెంటరీని స్క్రీన్‌షాట్ తీయడమెందుకు? ఆ కాలం ఫోటోలు మన ఇళ్ళ గోడలకే ఉన్నాయేమో చూడండి.

ఇంకో మంచి సంగతి. డబ్బిచ్చి స్టూడియోలో తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే మొదటి హక్కుదారని మన చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. మీ తాతగారు సొంత డబ్బుతో దిగిన ఫోటో మీద హక్కు మీ కుటుంబానిదే కావచ్చు. ఇంట్లో అందరినీ అడిగి, ఒప్పుకున్నాకే ఇవ్వండి. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం ఉండదు.

కాబట్టి మేం అడిగేది రెండే. అటక మీది ట్రంకుపెట్టె ఈ ఆదివారం దించండి, పెద్దవాళ్ళు ఉండగానే ఫోటోల వెనక పేర్లు, ఏళ్ళు రాయించండి. వచ్చే జాతరకు ఫోన్ పూర్తిగా ఛార్జి పెట్టుకుని రండి. ఈసారి బొమ్మ మనమే తీద్దాం.